రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరి వేపుడు చేయాలంటే ముందు తడి సంగతి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బెంగళూరులో భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఇల్లు చేరేసరికి ఏడున్నర, బాబుకి ఎనిమిదిన్నరలోపు అన్నం పెట్టాలి. కుక్కర్లో అన్నం, పప్పు ఎలాగో అయిపోతున్నాయి, పక్కన వేపుడే కుదరడం లేదు. బెండకాయ జిగురుగా ముద్దైపోతోంది, దొండకాయ పైన మాడి లోపల పచ్చిగా ఉంటోంది, క్యాబేజీ నీళ్ళు కారుతోంది, విసుగొచ్చి వారంలో మూడు రోజులు బయటి నుంచి తెప్పించుకుంటున్నాం, అరగంటలో అయ్యే వేపుడు ఏదైనా ఉంటే చెప్పండి అని అడిగారు. ఉందండి. ఒకటి కాదు, ఐదారున్నాయి. కానీ మీరు చెప్పిన మూడు కష్టాలకీ మూలం ఒకటే కాబట్టి ముందు అది చెబుతాను, ఆ తర్వాత ఏ కూరగాయకి ఎలాగో చెబుతాను.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్ళు కర్రీ పాయింట్ నడిపాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా మీలాంటి వాళ్ళే వచ్చేవాళ్ళు, చేతిలో లాప్‌టాప్ బ్యాగు, ముఖంలో అలసట, "వేపుడు ఏముందండీ" అనే మొదటి మాట. అక్కడ రోజుకి ఏడెనిమిది కిలోల దొండకాయ తరిగించేదాన్ని. అందుకే ఒక సంగతి మొదటే చెప్పేస్తాను, లేకపోతే మీరు కర్రీ పాయింట్ వేపుడుతో మీ ఇంటి వేపుణ్ణి పోల్చుకుని బాధపడుతూ ఉంటారు. మేం దొండకాయని బాణలిలో ఓపిగ్గా వేయించం. కాగిన నూనెలో దేవి, చిల్లుల గరిటెతో తీసి, నూనె ఓడ్చి, ఆ తర్వాత పోపులో వేసి కారం చల్లుతాం. ఆ కరకర, ఆ రంగు అంతా నిండా ఉన్న నూనెది. ఇంట్లో మూడు చెంచాల నూనెతో అదే రావాలంటే రాదు, రానక్కర్లేదు కూడా. ఇంటి వేపుడు రుచి వేరు, కూరగాయ రుచి అందులోనే తెలుస్తుంది.

ఇక మూలం. బెండకాయ, దొండకాయ, క్యాబేజీ, ఏది తీసుకున్నా బరువులో పదింట తొమ్మిది వంతులు దాదాపు నీళ్ళే. వేపుడంటే ఆ నీటిని తోలేసి మిగిలినదానికి రంగు తేవడం. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కూరగాయకి ఆ ఎర్రటి రంగు, వేగిన వాసన రావాలంటే పైపొర సుమారు 140 డిగ్రీలు దాటాలి. బాణలిలో తడి ఉన్నంతసేపూ ఆ వేడి 100 దాటదు. మీరు ఎంత మంట పెట్టినా సరే, తడి ఉంటే అది ఉడుకుతుంది, వేగదు. మంట పెంచితే బాణలికి ఆనిన చోట మాత్రం మాడుతుంది. మీ దొండకాయ పైన మాడి లోపల పచ్చిగా ఉండటానికి, క్యాబేజీ నీళ్ళు కారడానికి, బెండకాయ ముద్దవడానికి కారణం ఇదే. కాబట్టి వేపుడు మంటతో కాదు, తడి లేకుండా చూసుకోవడంతో కుదురుతుంది.

తడి మూడు దారుల్లో వస్తుంది. కడిగిన నీళ్ళు ఆరకుండానే తరిగి వేయడం ఒకటి. ఉప్పు ముందే వేయడం రెండోది, ఉప్పు పడగానే ముక్కలోంచి నీరు బయటికి వస్తుంది. మూడోది ఎవరూ పట్టించుకోరు, ఇరుకు బాణలి. అరకిలో ముక్కల్ని చిన్న బాణలిలో కుప్పగా పోస్తే కింది ముక్కల ఆవిరి పై ముక్కల్ని ఉడకబెడుతుంది, పై ముక్కల నీరు మళ్ళీ కిందకి దిగుతుంది. ముక్కలు ఒక్క వరసలో, మహా అయితే రెండు వరసల్లో పరుచుకోవాలి. మీ ఇంట్లో ఉన్నది చిన్నదైతే ఈ వారమే ఒక వెడల్పాటి మూకుడు కొనుక్కోండి, పైన అంచు నుంచి అంచుకి పన్నెండు అంగుళాలు ఉండాలి, అడుగు మరీ గుండ్రంగా కాకుండా కాస్త బల్లపరుపుగా ఉండాలి. ఇనుపదైతే మరీ మంచిది, వేడి పట్టి ఉంచుతుంది. కాకపోతే ఇనుప మూకుట్లో వేపుడు అయిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయాలి, చింతపండు, నిమ్మరసం అందులో వేయకూడదు, నల్లబడి ఇనుము రుచి వస్తుంది. నాన్‌స్టిక్ ఉంటే దాంతోనే చేయండి, పర్వాలేదు, ఖాళీ నాన్‌స్టిక్‌ని పొగలొచ్చేలా కాల్చకండి, అంతే. ఇండక్షన్ స్టవ్ అయితే మధ్యలోనే వేడి ఎక్కువ ఉంటుంది, అంచుల్లో ముక్కలు వెనకబడతాయి, కాబట్టి కలిపేటప్పుడు అంచుల్లోవి మధ్యకి, మధ్యలోవి అంచులకి తోయాలి.

ఇంకో మాట. ఈమధ్య చాలామంది వీడియోల్లో చైనా పద్ధతి స్టర్ ఫ్రై చూసి మన వేపుడు కూడా అలాగే పెద్ద మంట మీద మూడు నిమిషాల్లో అయిపోవాలనుకుంటున్నారు. అది వేరే వంట. అక్కడ ముక్క సన్నగా ఉంటుంది, మంట మన ఇంటి స్టవ్‌కి ఎన్నో రెట్లు ఉంటుంది, ముక్క సగం పచ్చిగా కరకరలాడుతూ ఉండటమే వాళ్ళకి కావాల్సింది. మనకి దొండకాయ లోపలి దాకా మెత్తబడి, అంచులు ముడుచుకుని, అన్నంలో కలిపితే కలిసిపోవాలి. దానికి మధ్యస్థం మంట, పావుగంట సమయం తప్పవు. ఆ పావుగంటలో మీరు దాని పక్కనే నిలబడనక్కర్లేదు, అదే మన వేపుడులో ఉన్న సుఖం. రెండు మూడు నిమిషాలకోసారి వచ్చి కలిపితే చాలు, ఈలోపు బాబు హోంవర్కు చూడొచ్చు, పప్పుకి పోపు పెట్టొచ్చు.

బెండకాయతో మొదలుపెడతాను, మీరు ఎక్కువ బాధపడింది దానితోనే కాబట్టి. మాకు పెళ్ళైన కొత్తలో నేనూ బెండకాయ కోసి తర్వాత కడిగేదాన్ని, మా అమ్మ ఇంట్లో నేను వంటగదిలోకి అడుగుపెట్టిందే తక్కువ, అలా చేయకూడదని చెప్పినవాళ్ళు లేరు. ఒకరోజు మా అత్తగారు ఊరి నుంచి వచ్చి, నా పక్కన నిలబడి చూసి, ఏమీ అనకుండా ఆ ముక్కలున్న గిన్నె పక్కన పెట్టి, మిగిలిన కాయల్ని కడిగి ఒక్కొక్కటీ తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. అరకిలో కాయలు తుడవడానికి ఆవిడకి మూడు నిమిషాలు పట్టింది. ఆ రోజు రాత్రి వేపుడు ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది. బెండకాయ లోపలి జిగురు నీరు తగిలితేనే సాగుతుంది, నీరు తగలకపోతే వేడికి అక్కడే ఎండిపోతుంది. కాబట్టి కాయగా ఉన్నప్పుడే కడగాలి, తుడవాలి, ఆ తర్వాతే చాకు పెట్టాలి. చాకు, పలక కూడా పొడిగా ఉండాలి.

మీకు సాయంత్రం ఆ సమయం కూడా లేదు కాబట్టి ముందు రోజు రాత్రి పడుకునే ముందు కడిగి, తుడిచి, అరంగుళం ముక్కలుగా కోసి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూత పెట్టకూడదు, అదే అసలు కిటుకు. ఫ్రిజ్ గాలికి కోసిన అంచులు ఆరిపోతాయి, మరునాడు సాయంత్రం ముట్టుకుంటే వేలికి జిగురు అంటదు. చూడ్డానికి కాస్త వాడినట్టు కనిపిస్తాయి, కంగారు పడకండి.

మూకుడు బాగా వేడెక్కాక మూడు టేబుల్ స్పూన్ల వేరుశనగ నూనె వేయండి, నూనె కాగాక ముక్కలన్నీ వేసి ఒకసారి నూనె పట్టేలా కలిపి పరిచేయండి. మంట మధ్యస్థం కన్నా కొంచెం ఎక్కువ. మూత వద్దు, ఉప్పు వద్దు. మొదటి నాలుగైదు నిమిషాలు ముక్కల మధ్య తెల్లటి తీగల్లా జిగురు సాగుతుంది. ఇక్కడే చాలామంది భయపడి గబగబా కలిపేస్తారు, కలిపినకొద్దీ ముక్కలు విరిగి గింజలు బయటపడి జిగురు ఇంకా పెరుగుతుంది. వదిలేయండి. రెండు నిమిషాలకోసారి అట్లకాడతో కింది నుంచి పైకి తిరగేయండి, అంతే. ఎనిమిదో నిమిషానికి తీగలు సన్నబడతాయి, పన్నెండో నిమిషానికి కనిపించవు. బాగా ముదురు జిగురున్న కాయలైతే ఆరో నిమిషంలో ఒక చెంచా పుల్లటి పెరుగు గానీ, అర చెంచా నిమ్మరసం గానీ చల్లండి, పులుపు జిగురుని విరిచేస్తుంది, ఇనుప మూకుడు కాకపోతేనే సుమా. ముక్క అంచులు గోధుమరంగుకి తిరిగి, గరిటెతో కదిపితే ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా దొర్లుతున్నప్పుడు ఉప్పు వేయండి.

ఇప్పుడు పోపు. నా పద్ధతి చాలామందికి కొత్తగా అనిపించొచ్చు. నేను వేపుళ్ళకి పోపు మొదట పెట్టను. మొదట పెడితే పావుగంట వేగేసరికి మినప్పప్పు నల్లబడుతుంది, కరివేపాకు మాడి చేదొస్తుంది, వెల్లుల్లి గురించి చెప్పక్కర్లేదు. ముక్కలు దాదాపు అయిపోయాక వాటిని మూకుడులో ఒక పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట ఒక చెంచా నూనె వేసి, చెంచా శనగపప్పు, చెంచా మినప్పప్పు, అర చెంచా ఆవాలు, అర చెంచా జీలకర్ర, రెండు ఎండుమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, చివర కరివేపాకు వేయండి. పప్పులు ఎర్రబడగానే అన్నీ కలిపేయండి. స్టవ్ ఆపేసి, అప్పుడు కారం. మూకుడు వేడికే కారం పచ్చివాసన పోతుంది, మంట మీద ఉండగా వేస్తే పది క్షణాల్లో మాడి దగ్గు తెప్పిస్తుంది. బాబుకి కారం పడదనుకుంటే ఈ కారం వేయకముందే వాడికి కావాల్సింది ఒక చిన్న గిన్నెలోకి తీసేయండి, వేరే కూర చేయాల్సిన అవసరం ఉండదు.

మొత్తం లెక్కేస్తే పద్ధెనిమిది, ఇరవై నిమిషాలు. అందులో మీరు స్టవ్ దగ్గర నిలబడేది ఏడెనిమిది నిమిషాలు.

దొండకాయకి ఇదే పద్ధతి పాటిస్తే ముప్ఫై అయిదు నిమిషాలు పడుతుంది, ఎందుకంటే అది బెండకాయ కన్నా గట్టిది. రాత్రిపూట వేపుడుకి దాన్ని ముందు కాస్త మెత్తబరచాలి. మైక్రోవేవ్ ఉంటే అదే మంచి దారి. లేత కాయలు తీసుకోండి, కోసినప్పుడు లోపల ఎర్రగా ఉన్నవాటిని పక్కన పెట్టండి, అవి పండినవి, పుల్లగా ఉండి వేపుడు రుచిని పాడుచేస్తాయి, పచ్చడికి బాగుంటాయి. కాయని నిలువుగా నాలుగు చీలికలు చేసి, రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మూతపెట్టి ఐదు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టండి. ముక్కని గోటితో నొక్కితే గోరు కొంచెం దిగాలి, నుజ్జు కాకూడదు. తీసి పళ్ళెంలో పరిచి ఫ్యాను కింద రెండు నిమిషాలు ఆరనివ్వండి, ఆవిరి పోతుంది. ఆ తర్వాత మూకుట్లో పన్నెండు నిమిషాలు చాలు. కుక్కర్లో మాత్రం పెట్టొద్దు, ఒక్క విజిల్‌కే నీళ్ళు పీల్చుకుని చప్పగా అయిపోతుంది, ఎంత వేయించినా తర్వాత రంగు రాదు.

మైక్రోవేవ్ లేకపోతే మూకుట్లోనే నూనెలో వేసి, సగం ఉప్పు చల్లి, మూతపెట్టి సన్నమంట మీద ఏడు నిమిషాలు ఉంచండి. ఇప్పుడే కదా ఉప్పు ముందు వేయొద్దన్నారు అంటారేమో, దొండకాయకి ఇది మినహాయింపు, దాని నీరుతోనే అది ఉడకాలి కాబట్టి. మూత తీసేటప్పుడు నిటారుగా పైకెత్తి పక్కకి తీసుకెళ్ళి అప్పుడు వంచండి, మూత లోపల వేలాడే నీటి బొట్లన్నీ ముక్కల మీద పడకుండా. చిన్న సంగతే అనిపిస్తుంది గానీ ఒకసారి ఆ మూతని గిన్నెలోకి వంచి చూడండి, ఒక చెంచాడు నీళ్ళు ఉంటాయి. మూత తీశాక మళ్ళీ పెట్టకండి. మూత అనేది వేపుడులో మొదటి సగంలోనే, రెండో సగంలో దానికి పని లేదు.

వేగిందో లేదో చూసి చెప్పడం కన్నా విని చెప్పడం సులువు. మొదట మూకుడులోంచి వచ్చే చప్పుడు మెత్తగా, సుయ్యిమని, ఆవిరితో కలిసి వస్తుంది. నీరు అయిపోయేకొద్దీ అది సన్నటి చిటపటగా మారుతుంది. ఆ మార్పు వినిపించిందంటే అక్కడి నుంచి ఐదు నిమిషాల్లో వేపుడు తయారు, వేరే పనికి వెళ్ళకండి. చిటపట కూడా తగ్గి నిశ్శబ్దమైపోయిందంటే ముక్క ఎండిపోతోందని అర్థం, వెంటనే దింపేయాలి.

క్యాబేజీకి మీరు చేస్తున్న తప్పు బహుశా మూత పెట్టడమే. మూతపెట్టి ఉడికిస్తే నీరూ కారుతుంది, ఆ గంధకం వాసన కూడా ఎక్కువవుతుంది, పిల్లలు అందుకే దూరం పెడతారు. గడ్డని సగానికి కోసి, కడిగి, బోర్లించి నీరంతా ఓడ్చాక అప్పుడు సన్నగా తరగండి. ఇంటికి రాగానే బియ్యం కడిగేటప్పుడే గుప్పెడు పెసరపప్పు నానేయండి. క్యాబేజీ త్వరగా అయిపోతుంది కాబట్టి దీనికి పోపు ముందే పెట్టొచ్చు, అందులో నాలుగు పచ్చిమిర్చి చీలికలు, కాస్త ఇంగువ, నీళ్ళు వంపేసిన పెసరపప్పు వేసి రెండు నిమిషాలయ్యాక క్యాబేజీ వేసి పెద్ద మంట మీద మూత లేకుండా ఎనిమిది నిమిషాలు. ఉప్పు దింపేముందు. పచ్చికొబ్బరి ఉంటే పైన చల్లండి. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, వంట బొత్తిగా ఓపిక లేని రోజుకి ఇది పెట్టుకోండి.

అంతకన్నా త్వరగా కావాలంటే క్యాప్సికం. ముక్కలు ఆరేడు నిమిషాల్లో మెత్తబడతాయి, దింపేముందు రెండు గుప్పిళ్ళ వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, జీలకర్ర కలిపి కొట్టిన పొడి వేసి కలిపితే చపాతీలోకి, అన్నంలోకి రెంటికీ బాగుంటుంది. తెలంగాణ వైపు కూరల్లో పల్లీలు, నువ్వులు అలా పొడి చేసి వేసే అలవాటు ఉంది, ఆ పొడి మిగిలిన తడిని కూడా పీల్చేసుకుంటుంది.

అరటికాయ గురించి ఎక్కువమంది ఆలోచించరు, నాకు మాత్రం వారం మధ్యలో అదే ఇష్టం. కడగడం, తుడవడం అన్న గొడవ తక్కువ, పీలర్‌తో తొక్క తీసి, నల్లబడకుండా కాస్త మజ్జిగ కలిపిన నీళ్ళలోకి కోసి, గుడ్డ మీద వేసి అద్ది, పసుపు పట్టించి వేయిస్తే పన్నెండు పదిహేను నిమిషాల్లో బయట దోరగా, లోపల మెత్తగా వస్తుంది. బంగాళాదుంప కూడా అంతే, చిన్న ముక్కలు కోసి, పైన ఉన్న పిండి పోయేలా రెండు నీళ్ళలో కడిగి, ఆరబెట్టి వేయాలి. ఒకటే జాగ్రత్త, బంగాళాదుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి వాటిలో పిండి చక్కెరగా మారుతుంది, వేయిస్తే లోపల ఉడకకముందే పైన నల్లబడిపోతుంది.

కొన్నిటిని మాత్రం రాత్రి వేపుడుకి పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. కాకరకాయ, గోరుచిక్కుడు, చామదుంప ఆదివారానివి. ఉప్పు పట్టించి పిండాలి, నార తీసి ఉడికించాలి, కుక్కర్లో పెట్టి తొక్క తీయాలి, ఆకలితో ఉన్న పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని చేసే పనులు కావు. బీరకాయ, సొరకాయ అసలు వేపుడు జాతివి కావు, నీళ్ళు ఎక్కువ, వాటికి పాలు పోసో, పప్పులో వేసో న్యాయం చేయాలి.

ఆదివారం మీరు ఒక గంట ఇవ్వగలిగితే వేపుడు కారం చేసి పెట్టుకోండి, వారంలో మీ పని సగం తగ్గుతుంది. మా కర్రీ పాయింట్లో కూరగాయ మారేది గానీ కారం మారేది కాదు. ఇంటికి సరిపడా లెక్క చెబుతాను. శనగపప్పు మూడు టేబుల్ స్పూన్లు, మినప్పప్పు రెండు, ధనియాలు రెండు, జీలకర్ర ఒకటి, ఎండుమిర్చి పన్నెండు పదిహేను, ఎండుకొబ్బరి చిన్న చిప్పలో పావు వంతు. ఒక్కొక్కటి విడిగా వేయించాలి, అన్నీ ఒకేసారి వేస్తే శనగపప్పు వేగేసరికి జీలకర్ర మాడుతుంది. శనగపప్పుని సన్నమంట మీద కొరికితే పటుక్కుమనేదాకా ఓపిక పట్టండి, అది పచ్చిగా ఉంటే పొడి అంతా పిండి వాసన వేస్తుంది. పూర్తిగా చల్లారాక, చివర్లో గుప్పెడు పుట్నాలపప్పు, ఉప్పు వేసి రవ్వలా కొట్టండి, మెత్తటి పిండిలా వద్దు. వెల్లుల్లి ఇందులో వేయకండి, నిల్వ తగ్గిపోతుంది, ఏ రోజుకారోజు దంచుకోవడమే రుచి. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలు బాగుంటుంది, తడి చెంచా మాత్రం పెట్టొద్దు. అరకిలో కూరగాయకి రెండు టేబుల్ స్పూన్లు సరిపోతుంది, ఇందులో ఉప్పు ఉంది కాబట్టి కూరలో ఉప్పు తగ్గించుకోవాలి. ఈ పొడి రుచికే కాదు, పుట్నాలు, కొబ్బరి కలిసి చివర్లో మిగిలిన నూనెని, తడిని పట్టేసుకుంటాయి, మీ వేపుడు ఒకరోజు కాస్త మెత్తగా వచ్చినా ఇది సర్దేస్తుంది.

నూనె ఎక్కువవుతుందేమో అని మీరు చివర్లో రాశారు. అరకిలోకి మూడు నాలుగు చెంచాలంటే ముగ్గురు రెండు పూటలు తినే కూర, అంత భయపడాల్సింది కాదు. ఒక్క చెంచాతో చేస్తే ముక్క మూకుడికి అంటుకుంటుంది, అప్పుడు నీళ్ళు చల్లుతారు, మళ్ళీ మొదటికొస్తుంది. దానికి బదులు నూనె సరిపడా వేసి, దింపేముందు ముక్కల్ని ఒక పక్కకి తీసి మూకుడుని రెండు నిమిషాలు వాల్చి ఉంచండి, మిగిలిన నూనె కిందకి దిగుతుంది. అదే నూనెతో పప్పుకి పోపు పెట్టేయొచ్చు, కూరగాయ రుచి ఎక్కి ఉంటుంది కాబట్టి పప్పు ఇంకా బాగుంటుంది.

మా చెల్లెలి కూతురు డాలస్‌లో ఉంటుంది, దానిదీ మీ కష్టమే, పైగా అక్కడ పొగ వస్తే ఇంట్లో అలారం మోగుతుందని భయం. వాళ్ళకి ఫ్రీజర్లో దొరికే బెండకాయ ముక్కలుంటాయి. అవి కరిగాక వేస్తే నీళ్ళమయం, గడ్డకట్టి ఉండగానే నూనె పట్టించి ట్రేలో ఒక్క వరసలో పరిచి ఓవెన్‌లో 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేయమని చెప్పాను. పోపు, కారం స్టవ్ మీద వేరే చేసి కలుపుకుంటోంది. మీ ఇంట్లో ఓవెన్ గానీ ఎయిర్ ఫ్రయర్ గానీ ఉంటే దొండకాయకీ ఇది పనికొస్తుంది.

మీ సాయంత్రం ఇలా పెట్టుకుని చూడండి. ఏడున్నరకి లోపలికి రాగానే బట్టలు మార్చుకోకముందే బియ్యం, పప్పు కడిగి కుక్కర్లో పెట్టేయండి. ముఖం కడుక్కుని వచ్చి, ఏడూ నలభైకి మూకుడు పెట్టండి, రాత్రి కోసి ఉంచిన ముక్కలు నేరుగా నూనెలోకి. అవి వేగుతుండగా కుక్కర్ ఆవిరి దిగుతుంది. మీలో ఒకరు ఆ టైంలో వెల్లుల్లి వలిస్తే రెండోవాళ్ళు బాబుని చూసుకోవచ్చు. ఎనిమిదింపావుకి కంచాలు పెట్టొచ్చు. చారు కూడా కావాలనిపిస్తే పెట్టుకోండి గానీ, పప్పు, వేపుడు, పెరుగు ఉంటే రాత్రికి ఇంకేం కావాలి. పప్పు కూడా వండలేని రోజు వేడన్నంలో నెయ్యి వేసుకుని ఈ వేపుడే కలుపుకోండి, చివర పెరుగన్నంలోకి నంజుకోవడానికి రెండు ముక్కలు మిగుల్చుకోండి.

ఇవాళ బుధవారం కాబట్టి ఈ రాత్రికి క్యాబేజీతో మొదలుపెట్టండి, అది తప్పిపోయే అవకాశం తక్కువ. పడుకునేముందు బెండకాయలు తుడిచి కోసి పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టేయండి, గురువారం అవి చేయండి. వేపుడు మిగిలితే మర్నాడు మైక్రోవేవ్‌లో వేడిచేయకండి, మెత్తబడిపోతుంది, మూకుడులో నూనె లేకుండా సన్నమంట మీద మూడు నిమిషాలు ఉంచితే మళ్ళీ కరకరలాడుతుంది, బాక్సులోకి అదే సరిపోతుంది. దొండకాయ చేసిన రోజు ఎలా వచ్చిందో రాయండి, ముక్క ఎంత సన్నగా కోశారో, ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా చెబితే ఎక్కడ తేడా వచ్చిందో చెప్పగలను.